చేతులతో పోసిన ఊపిరి

శ్వాస జబ్బుల పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను బోర్డు మీద ముందు గీసేది ఊపిరితిత్తుల బొమ్మ కాదు, వెన్నుపాము. మెడ దగ్గర మూడు, నాలుగు, ఐదో నరాల మూలాలు చూపించి అక్కణ్ణుంచి డయాఫ్రం దాకా ఒక గీత లాగుతాను. జీఎన్ఎం నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలు అయోమయంగా చూస్తారు. గుంటూరు వైపు వార్డుల్లో చాన్నాళ్లు చేసి టీచింగ్‌కి వచ్చినదాన్ని కాబట్టి ఆ గీత విలువ నాకు తెలుసు. కట్లపాము కాటేసినవాళ్లకీ, కాళ్లలో మొదలై పైకి పాకే గిలాన్ బారే జబ్బు వచ్చినవాళ్లకీ మొదట్లో స్టెతస్కోప్ పెట్టి వింటే గాలి శుభ్రంగానే వినిపిస్తుంది. చెడింది ఊపిరితిత్తి కాదు. దాన్ని ఆడించే కండరానికి నరం నుంచి కబురు అందడం లేదు. ఆ తేడా తెలియక ఎన్ని ప్రాణాలు పోయాయో, తెలిసిన రోజున ఏం జరిగిందో పిల్లలకి చెప్పాలంటే 1952 నాటి కోపెన్‌హాగన్‌కి వెళ్లాల్సిందే.

ఆ ఏడు వేసవిలో డెన్మార్క్ రాజధానిని పోలియో ముంచెత్తింది. అంటురోగాల కోసం ఉన్న బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి పిల్లలూ పెద్దలూ వరసకట్టారు. పోలియో వైరస్ నోటి ద్వారా పేగుల్లోకి చేరుతుంది. చాలామందిలో అక్కడితోనే ఆగిపోతుంది. కొద్దిమందిలో మాత్రం వెన్నుపాము ముందు కొమ్ముల్లోకి వెళ్లి, కండరాలను కదిలించే నరకణాలను చంపేస్తుంది. స్పర్శ పోదు, తెలివి పోదు. తన కాలు కదలడం లేదని, ఊపిరి అందడం లేదని ఆ బిడ్డకి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. మెదడు అడుగున ఉండే మెడుల్లాకి సోకితే మింగడం కూడా పోతుంది. ఉమ్మి గొంతులో నిలిచి శ్వాసనాళంలోకి జారుతుంది.

అప్పటికి ప్రపంచానికి తెలిసిన యంత్రం ఐరన్ లంగ్. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్ బృందం తయారుచేసింది. తల బయట ఉంచి ఒళ్లంతా ఇనుప డబ్బాలో పెడితే, లోపల పీడనం తగ్గినప్పుడల్లా ఛాతీ లేచి గాలి లోపలికి పోతుంది. మింగలేని రోగికి గాలితోపాటు గొంతులో నిలిచిన ఉమ్మినీ అదే లోపలికి లాగుతుంది. బ్లెగ్‌డామ్‌లో ఉన్నది అలాంటి డబ్బా ఒక్కటి, ఛాతీకి తొడిగే చిన్నవి ఆరు. మొదటి మూడు వారాల్లో యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

ఇక్కడే నేను తరగతిలో ఎక్కువసేపు ఆగుతాను. రోగుల రక్తంలో బైకార్బనేట్ బాగా పెరిగి కనిపించింది. రక్తం క్షారగుణంలోకి పోయిందని, వైరస్ మెదడును కొట్టిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు అనుకున్నారు. ఆసుపత్రి పెద్ద హెచ్.సి.ఎ. లాసెన్ ఆగస్టు 25న ఒక సమావేశం పెట్టి, సహచరుడు మొగెన్స్ బ్యోర్నెబో మాట మీద బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్‌ని పిలిచాడు. చెమటలు, పెరిగిన రక్తపోటు... ఇవి ఆపరేషన్ థియేటర్‌లో ఊపిరి చాలని రోగిలో ఇబ్సెన్ రోజూ చూసేవే. బైకార్బనేట్ పెరిగింది కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక పేరుకుపోయినందుకేనని, రక్తం నిజానికి ఆమ్లంగా మారిందని అతను గుర్తుపట్టాడు. అతనికి కొత్త జ్ఞానమేమీ అక్కర్లేదు. ఒక గదిలో రోజూ కనిపించేదాన్ని ఇంకో గదిలో గుర్తుపట్టాడు, అంతే. నర్సుకి ఇంతకన్నా పెద్ద పాఠం నేను చెప్పలేను.

ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయి. నాలుగు కాళ్లూచేతులూ పడిపోయాయి, గొంతు నిండా కఫం. గొంతు దగ్గర కోసి, గాలిబుడగ ఉన్న గొట్టం పెట్టారు. ఇబ్సెన్ రబ్బరు సంచి నొక్కితే గాలి పోలేదు. ఆ పిల్ల పెనుగులాడుతోంది, శ్వాసనాళాలు బిగుసుకున్నాయి. చూడవచ్చిన డాక్టర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అతను థయోపెంటాల్ ఇచ్చాడు. పెనుగులాటతోపాటు ఆమె సొంత శ్వాసా ఆగిపోయింది. అప్పుడు సంచి నొక్కితే ఛాతీ లేచింది. చెమట ఆరింది, రక్తపోటు దిగింది. ఆ అమ్మాయి బతికింది.

తర్వాతి కథ చేతులది. ఒక దశలో ఒకేసారి 70 మందికి ఊపిరి పోయాల్సి వచ్చింది. యంత్రాలు లేవు. వైద్య విద్యార్థులనూ దంతవైద్య విద్యార్థులనూ పిలిపించి ఒక్కో మంచం పక్కన ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. పగలూ రాత్రీ షిఫ్టుల వారీగా, సుమారు 1,500 మంది, 1,65,000 గంటలు సంచులు నొక్కారు. నూటికి 87 ఉన్న మరణాలు 40 దగ్గరికి పడిపోయాయి. నొక్కేవాళ్లు నొక్కుతుంటే నర్సులు ఒత్తిగిలబెట్టి, కఫం లాగి, ఒళ్లు తుడిచి, ట్యూబుతో ఆహారం పెట్టి చూసుకున్నారు. పుస్తకాల్లో ఇబ్సెన్ పేరుంది. ఆ నర్సుల పేర్లు అంతగా కనిపించవు. నాకది బాధే.

1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలోని కొమ్మూనె ఆసుపత్రిలో ఇలాంటి రోగులందరికీ ఒకే వార్డు తెరిచాడు. మనం ఇప్పుడు ఐసీయూ అంటున్నది దానినుంచి వచ్చిందే. 1956లో మరో డేనిష్ మత్తు డాక్టర్ హెన్నింగ్ రూబెన్ చేసిన, తనంతట తానే ఉబ్బే సంచి అంబు బ్యాగ్. మన ప్రభుత్వాసుపత్రుల్లో వెంటిలేటర్ ఖాళీ లేనప్పుడు పేషెంటు అన్నదమ్ములు మంచం పక్కన నిలబడి నొక్కుతుంటారే, అదే. వాళ్ల చేతులు పట్టుకుని లయ నేర్పించేది సిస్టర్లే. సంచి బిగిసినట్టు అనిపిస్తే గొట్టంలో కఫం చేరిందేమో చూడమని, మెత్తగా జారిపోతుంటే గొట్టం ఊడిందేమో చూడమని ముందు వాళ్లకి చెప్పండి.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. ఆ వైరస్ పోయినా, నరం కబురు ఆగిపోయి ఊపిరాగే జబ్బులు మాత్రం మిగిలే ఉన్నాయి. నేల మీద పడుకున్నవాణ్ణి రాత్రి కట్లపాము కరిస్తే కాటు దగ్గర వాపు పెద్దగా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలతాయి. పురుగుమందు తాగి కోలుకున్నట్టు కనిపించిన మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు తల దిండు మీంచి ఎత్తలేకపోతే, డయాఫ్రం కూడా అదే దారిలో ఉందని అర్థం. ఆక్సిజన్ పెట్టారు, సాచురేషన్ బాగానే ఉందని నిశ్చింతగా కూర్చోకండి. ఆక్సిజన్ అంకెను నిలబెడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది.

అందుకే నా పిల్లలకి చెడుగుడు కూత పరీక్ష నేర్పుతాను. చెడుగుడులో కూత ఆగకుండా పెట్టినట్టు, ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని పేషెంటు చేత లెక్కపెట్టించాలి. వచ్చిన అంకెను టైముతో సహా చార్టులో రాయాలి. పొద్దున ముప్పై దాకా వెళ్లినవాడు సాయంత్రం పదిహేను దగ్గరే ఆగిపోతే, సాచురేషన్ ఎంతున్నా సరే, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి, సక్షన్, అంబు బ్యాగ్ మంచం పక్కకి తెచ్చి పెట్టుకోవాలి.