కొత్త కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందా? ముందు ర్యామ్ చూడండి

సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని ఇంట్లో బిగించిన కంప్యూటర్ బ్లూ స్క్రీన్ చూపిస్తుంటే చాలామంది వెంటనే విండోస్ మళ్లీ వేస్తారు. అది తొందరపాటు. లోపం ర్యామ్‌దైతే కొత్త విండోస్ కూడా చెడిపోతుంది. కాపీ చేసే పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లూ పాడవచ్చు. అందుకే పాత కాపీలను అప్పుడే చెరిపేయొద్దు.

ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపాలి. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. డీడీఆర్5 ప్యాకెట్ మీద ఉండే 6000 నిజానికి ఓవర్‌క్లాక్ వేగమే. ఆపితే తరచూ 4800కి దిగుతుంది. అప్పుడు నిలకడగా నడిస్తే 5600 పెట్టి చూడొచ్చు, ఇంటి పనులకు ఆ తేడా తెలియదు కూడా.

అయినా ఆగిపోతుంటే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి. ఎర్రర్ స్క్రీన్ ఫొటో, బిల్లు దగ్గరుంటే దుకాణంలో వారంటీ అడగడం తేలిక.