చందమామ మీద డ్రైవింగ్: రెండున్నర సెకన్ల ల్యాగ్ కథ

గేమ్‌లో పింగ్ పెరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మనం చూసేలోపే అవుట్. మరి అదే ల్యాగ్‌తో చందమామ మీద బండి నడపాల్సి వస్తే?

1970 నవంబర్ 17న సోవియట్ యూనియన్ పంపిన లూనోఖోద్-1 చంద్రుడి మీద దిగింది. ఎనిమిది చక్రాల బండి, డ్రైవర్ మాత్రం భూమి మీద! మధ్యలో సుమారు 3,84,000 కిలోమీటర్లు. రేడియో సిగ్నల్ వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు. పైగా డ్రైవర్‌కి కనిపించేది వీడియో కాదు, కొన్ని సెకన్లకొక ఫోటో. తెర మీద గొయ్యి కనిపించేసరికి బండి అందులో పడి ఉండొచ్చు. పడితే తీసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఐదుగురు సిబ్బంది కలిసి, జాగ్రత్తగా దాన్ని 10 కిలోమీటర్లకు పైగా నడిపారు.

ఇలాంటి ఆలస్యాన్ని మనిషి ఎలా తట్టుకుంటాడో అమెరికాలోని ఎంఐటీలో విలియం ఫెరెల్, థామస్ షెరిడన్ 1960ల్లోనే పరిశీలించారు. రోబో చేతికి కావాలనే ఆలస్యం పెట్టి చూస్తే, వాడేవాళ్ళు కొంచెం కదిపి, ఆగి, ఫలితం చూసి, మళ్ళీ కదిపారు. అంటే మొదటి మందు ఓపికే.

కానీ ఆపరేషన్‌లో అంతసేపు ఆగడం కుదరదు కదా. 2001 సెప్టెంబర్ 7న డాక్టర్ జాక్ మారెస్కో బృందం న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఒకావిడకి రోబోతో గాల్‌బ్లాడర్ తీసేసింది. ప్రత్యేక ఫైబర్ లైన్ వేసుకుంటే ఆలస్యం సుమారు 155 మిల్లీసెకన్లకు తగ్గింది. ఇక్కడ మందు మంచి లైన్.

వీఆర్‌కి అది కూడా చాలదు. మనం తల తిప్పాక బొమ్మ లేటుగా కదిలితే, కన్ను ఒకటి చెప్తుంది, చెవి లోపలి బ్యాలెన్స్ ఇంకొకటి చెప్తుంది. కడుపులో తిప్పేస్తుంది. ఈ ఆలస్యం 20 మిల్లీసెకన్ల లోపు ఉండాలని 2013లో జాన్ కార్మాక్ రాశాడు. అందుకు ఆయన చెప్పిన కిటుకుల్లో ఒకటి టైమ్ వార్ప్. బొమ్మ గీసేశాక, తెర మీదకి పంపే ముందు తల ఎటుందో మళ్ళీ చూసి, ఆ బొమ్మనే కాస్త జరిపేస్తారు.

నాకు ఇందులో నచ్చింది ఇదే. కాంతి వేగాన్ని ఎవరూ దాటలేదు. ఒకచోట ఆగారు, ఒకచోట దారి బాగుచేసుకున్నారు, ఒకచోట ఆఖరి క్షణంలో బొమ్మ సర్దారు. ఈసారి గేమ్‌లో ల్యాగ్ వస్తే ఫోన్ విసిరేయకుండా, ఆ చందమామ డ్రైవర్‌ని ఒక్కసారి తలుచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!