నందపురము మెట్లు, డుడుమ నీళ్లు

"తాతయ్యా, మనం ఈ దేశానికి ఎప్పుడొచ్చాం?"

గడచిన శీతకాలమున రాయగడనుండి కారులో బయలుదేరిన కొంతసేపటికి మా మనుమడు వేసిన ప్రశ్న యిది. మా తండ్రిగారు 1951లో వచ్చిరని చెప్పితిని. చెప్పితినేగాని, రెండు దినముల ప్రయాణమందును ఆ జవాబు నాకు కొఱతగనే తోచుచుండెను.

మొదట నాగావళిలో హాతిపథరము చూచితిమి. ఏనుగులవలె మోకరిల్లిన రెండు మహాశిలలచెంత నది యుఱుకుచున్నది. ఈ నీరే శ్రీకాకుళము ప్రక్కగా బోయి సముద్రమున గలియునని చెప్పగా, "అమ్మమ్మ ఊరి ఏరే!" యని కుఱ్ఱవాడు చప్పట్లు చఱచెను. లక్ష్మీపురము మీదుగా కొరాపుట్టు చేరి, ఆ రాత్రి బంధువులయింట నిలిచి, తెల్లవాఱగనే నందపురము త్రోవ పట్టితిమి.

నందపురము నేడు చిన్న యూరు. 15వ శతాబ్దినుండి సుమారు రెండువందల యేండ్లు ఇది సూర్యవంశపు రాజులకు రాజధాని. 17వ శతాబ్ది మధ్యమున వీరవిక్రమదేవుడు రాజధానిని జయపురమునకు మార్చెను. పాత వైభవమునకు గుర్తుగా 32 మెట్ల సింహాసనస్థలి మిగిలినది. భట్టివిక్రమార్కుల కథలు విన్నవారికి ఆ సంఖ్య వినగనే సాలభంజికలు జ్ఞప్తికి వచ్చును. పిల్లవాడు మెట్లు లెక్కించుచు మధ్యలో తప్పి, మరల మొదటినుండి యెక్కెను. నన్ను మాత్రము ఎక్కువసేపు నిలిపినవి సమీపమున సుబయి గ్రామమందలి జైనాలయముల శిథిలములు. తీర్థంకరుల ముఖములు వానకు అరిగియు ప్రశాంతముగనే యున్నవి. ఆ శిలలు మలచినవారిది ఏ భాషయో, ఏ దేశమో! నందపురపు రాజులకంటె ముందే ఇచటికి జైనులు వచ్చి యుండిరి గదా.

ఆ రాజవంశమువారే తరువాత జయపురాధీశులు. వారిలో విక్రమదేవవర్మగారు (1869–1951) తెలుగున కవిత్వము చెప్పినవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయల విరాళ మేర్పఱచినవారు. అప్పుడు తెలుగువారిని "ఎప్పుడు వచ్చితి?" రని యడుగ నెవరికి దోచును? 1936 ఏప్రిల్ 1 వఱకు ఈ ప్రాంతము చెన్నరాజధానియందలి విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ దినమున కొందఱు తెలుగు కుటుంబములు గడప దాటకయే ఒడిస్సావారైరి. వారు రాలేదు, సరిహద్దే వారియొద్దకు వచ్చినది. మావంటివారు అటుపిమ్మట పనులకై సాలూరు ఘాటెక్కి వచ్చినవారు.

ఆ పనులలో మా తండ్రిగారిది మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమున గుమాస్తా కొలువు. మధ్యాహ్నమునకు అచటనే యుంటిమి. డుడుమయొద్ద నది 175 మీటర్ల యెత్తునుండి లోయలోనికి దుముకును. అంచున నిలిచి చూచిన కాళ్లు వణకును. రెండు ప్రక్కల నిట్టనిలువు రాతిగోడలు, అడుగున తుంపురుల మంచు. ఆంధ్ర ఒడిస్సా రాష్ట్రముల ఉమ్మడి సొత్తైన ఈ కేంద్రమున 1955లో విద్యుదుత్పత్తి యారంభమయ్యెను. దానికై కట్టిన జలాపుట్టు జలాశయమున గిరిజనుల పొలములు, పల్లెలు మునిగినవి. విశాఖపట్టణమున దీపములు వెలిగిన సంతోషము మా యింట పదేపదే వింటిని. మునిగిన పల్లెల మాట యెవరును చెప్పగా వినలేదు. గదబలను, పొరజలను, బోండాలను ఎప్పుడు వచ్చితిరని యడుగుటకు మనమెవరము? రాయగడ కోందులు మాటలాడు కువి భాషయు తెలుగును ఒకే దక్షిణమధ్య ద్రావిడ శాఖలోనివని భాషావేత్తలు తేల్చినారు. సంతలో వారితో బేరమాడు మనలో ఎందఱకు ఈ చుట్టఱికము తెలియును?

ఇవన్నియు కుఱ్ఱవానికి చెప్పజూచితిని. వాని మనసు లోయలోని నీటిమీదనే యున్నది. "ఇదెక్కడికి పోతుంది?" అని యడిగెను. దిగువను సీలేరగును, అది శబరిలో గలియును, శబరి గోదావరిలో గలియునని చెప్పితిని. తిరుగుప్రయాణమున ఆ మూడుపేళ్లు వల్లించుచు, పొట్టంగి రాకముందే నా యొడిలో నిద్రపోయెను.