ఫియర్‌లెస్ నాడియా

ఫియర్‌లెస్ నాడియా (1908 జనవరి 8 – 1996 జనవరి 9) హిందీ స్టంట్ చిత్రాల తార. అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. పుట్టింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. జీవితమంతా గడిచింది మాత్రం మన దేశంలో, ఎక్కువగా బొంబాయిలో. కథానాయిక కన్నీళ్ళు పెట్టుకోవాలి, నాయకుడొచ్చి కాపాడాలి అన్నదే ఆనవాయితీగా ఉన్న రోజుల్లో ఆమె గుర్రమెక్కి కొరడా ఝళిపించింది. పరుగెత్తే రైలు పైకప్పు మీద దుండగులతో తలపడింది. నిండు మగవాణ్ణి భుజాలకెత్తుకుని అవతల పడేసింది. ఆ పనులన్నీ డూప్ లేకుండా తనే చేసింది.

తొలి జీవితం

తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేసేవాడు, తల్లి గ్రీకు జాతీయురాలు. మేరీ చిన్నపిల్లగా ఉండగానే కుటుంబం బొంబాయి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి చనిపోయాడు. తర్వాత కొన్నేళ్ళు పెషావర్‌లో గడిచాయి. గుర్రపు స్వారీ, వేట, తుపాకీ కాల్చడం ఆ సరిహద్దు ప్రాంతంలోనే పట్టుబడ్డాయి. 1928లో తల్లితో, పసివాడైన కొడుకుతో మళ్ళీ బొంబాయి వచ్చి ఒక పెద్ద దుకాణంలో అమ్మకాల ఉద్యోగం చేసింది. షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకుంది. ఆస్ట్రోవా అనే రష్యన్ నర్తకి దగ్గర బ్యాలే నేర్చుకుని ఆమె బృందంతో ఊరూరా ప్రదర్శనలిచ్చింది. కొన్నాళ్ళు జార్కో సర్కస్‌లోనూ పనిచేసింది. ‘న’ అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టుకుంటే కలిసొస్తుందని ఒక ఆర్మేనియన్ జోస్యురాలు చెప్పిందట. అలా మేరీ నాడియా అయింది.

వాడియాల చెంతకు

లాహోర్‌లో రీగల్ థియేటర్ మేనేజరు ఈరచ్ కాంగా ఆమె ప్రదర్శన చూసి, బొంబాయిలో వాడియా మూవీటోన్ అధినేత జె.బి.హెచ్. వాడియాకు పరిచయం చేశాడు. నౌకా నిర్మాణంలో పేరుమోసిన పార్సీ కుటుంబం వాడియాలది. పరేల్‌లోని వాళ్ళ పూర్వీకుల భవనం లోజీ కాజిల్‌లోనే స్టూడియో ఉండేది. అన్న జె.బి.హెచ్. రచయిత, నిర్మాత, తమ్ముడు హోమీ దర్శకుడు. హాలీవుడ్ నటుడు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ కత్తియుద్ధాలన్నా, నటి పెర్ల్ వైట్ సాహస సీరియళ్ళన్నా వాళ్ళకు ప్రాణం.

బంగారు జుట్టు, నీలి కళ్ళు, తడబడే హిందీ ఉన్న మనిషిని నాయికగా నిలబెట్టడం సాహసమే. పేరు నందాదేవిగా మార్చి, నల్లటి జడ విగ్గు పెట్టిద్దామని జె.బి.హెచ్. అన్నాడు. ఆమె రెండింటికీ ఒప్పుకోలేదు. ‘దేశ్ దీపక్’, ‘నూర్-ఎ-యమన్’ చిత్రాల్లో చిన్న వేషాలిచ్చి చూశారు. ప్రేక్షకులు ఆమెను మెచ్చుకోగానే ఆమె కోసమే ఒక కథ తయారైంది.

హంటర్‌వాలీ

1935లో వచ్చిన ‘హంటర్‌వాలీ’లో ఆమె రాకుమారి మాధురి. రాజును బంధించి రాజ్యం కాజేయాలని చూస్తాడు మంత్రి రణమల్. రాకుమారి ముసుగు కట్టుకుని, కొరడా చేతబట్టి, పేదల పక్షాన పోరాటానికి దిగుతుంది. సినిమాకు దాదాపు 80 వేల రూపాయలు ఖర్చయిందంటారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ముసుగేసుకుని మగవాళ్ళను చితకబాదే తెల్లజాతి నాయికను చూసి పంపిణీదారులు జంకారు. దాంతో వాడియాలు ఎం.బి. బిలిమోరియాతో కలిసి తామే విడుదల చేశారు. బొంబాయి గ్రాంట్ రోడ్డులోని సూపర్ సినిమాలో అది 25 వారాలకు పైగా ఆడింది. హంటర్‌వాలీ పేరుతో కొరడాలు, బెల్టులు, అగ్గిపెట్టెలు బజార్లోకొచ్చాయి. ‘ఫియర్‌లెస్’ అన్న బిరుదు పేరులో భాగమైపోయింది.

ఆ విజయం కేవలం పోరాటాల వల్ల వచ్చింది కాదు. పరాయి పాలన మీద నేరుగా ఒక్క మాట అన్నా బ్రిటిష్ సెన్సారు కత్తెర పడేది. దుర్మార్గుడైన మంత్రి కింద నలిగే ప్రజలు, వాళ్ళ కోసం తిరగబడే రాకుమారి అంటే మాత్రం అడ్డుచెప్పే వీలుండేది కాదు. నేల టికెట్ ప్రేక్షకుడికి ఆ సంకేతం బాగానే అందేది. జె.బి.హెచ్.కు రాజకీయాలు లోతుగా తెలుసు; తర్వాతి కాలంలో ఆయన విప్లవ నాయకుడు ఎం.ఎన్. రాయ్ అనుచరుడయ్యాడు. తెల్లదొరల పాలనలో ఉన్న దేశం, ఒక తెల్లమ్మాయిని తన తరఫున పోరాడే వీరనారిగా అక్కున చేర్చుకోవడం మన సినిమా చరిత్రలో చాలా అపురూపమైన ఘట్టం.

1936 నాటి ‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’లో రాజ్యాలు, కోటలు పోయి రైళ్ళు, కార్లు, టెలిఫోన్లు వచ్చాయి. తండ్రి మీద పడ్డ హత్యానేరం తప్పని నిరూపించడానికి సవిత అనే ఆధునిక యువతి ఒక ముఠా వెంటపడుతుంది. రైలు పైకప్పు మీద జరిగే పోరాటం ఈ సినిమాలోదే. నా దృష్టిలో ఆమె చిత్రాలన్నిటిలోకీ మిన్న మాత్రం 1940 నాటి ‘డైమండ్ క్వీన్’. నగరంలో చదువుకుని సొంత ఊరికొచ్చిన అమ్మాయి గూండాలను ఎదిరించడంతో ఆగదు. ఊరికి చదువు కావాలంటుంది, స్త్రీలను తక్కువగా చూసేవాళ్ళకు బుద్ధి చెబుతుంది. జాన్ కావస్ ఆమెకు జోడీ. ‘పంజాబ్ కా బేటా’ అనే గుర్రానికీ, ‘రోల్స్ రాయిస్ కీ బేటీ’ అని పేరు పెట్టిన కారుకూ కూడా కథలో పాత్రలున్నాయి. 1942 నాటి ‘జంగిల్ ప్రిన్సెస్’లో ఆమె సింహాల మధ్య నటించింది. ఈ చిత్రాల్లో గ్రాఫిక్స్ మాయ లేదు. సర్కస్‌లో, బ్యాలేలో ఏళ్ళ తరబడి సాధన చేసిన శరీరం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళు స్టంట్ సినిమాను చిన్నచూపు చూశారు. అందుకే ఆ కష్టం చాలాకాలం నటన లెక్కలోకి రాలేదు. ఇది ఆమెకు జరిగిన అన్యాయం.

తర్వాతి కాలం

అన్న జె.బి.హెచ్.కు సాంఘిక, కళాత్మక చిత్రాల వైపు మనసు మళ్ళింది. తమ్ముడు స్టంట్లను వదల్లేదు. 1940ల తొలినాళ్ళలో ఇద్దరూ విడిపోయారు. లోజీ కాజిల్ స్టూడియో దర్శకుడు వి. శాంతారామ్ చేతికొచ్చి రాజ్‌కమల్ కళామందిర్ అయింది. హోమీ బసంత్ పిక్చర్స్ స్థాపించి, 1943లో ‘హంటర్‌వాలీ కీ బేటీ’తో నాడియాను మళ్ళీ గుర్రమెక్కించాడు. 1950లలో ఆమె చిత్రాల జోరు తగ్గింది.

హోమీ, నాడియా చాలా ఏళ్ళుగా ఒకరికొకరుగా ఉన్నా, పార్సీయేతర కోడలు హోమీ తల్లికి ఇష్టం లేకపోవడంతో పెళ్ళి మాట వాయిదా పడుతూ వచ్చింది. ఆవిడ మరణానంతరం, 1961లో పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి నాడియాకు 53 ఏళ్ళు. అరవై నిండాక ‘ఖిలాడీ’ అనే గూఢచారి చిత్రంలో చివరిసారి కనిపించింది.

జె.బి.హెచ్. మనవడు రియాద్ విన్సీ వాడియా 1993లో తీసిన డాక్యుమెంటరీ ‘ఫియర్‌లెస్: ది హంటర్‌వాలీ స్టోరీ’ నాడియాను కొత్త తరానికి పరిచయం చేసింది. అప్పటికింకా ఆమె బతికే ఉంది. 1996లో, 88వ పుట్టినరోజు మరునాడు ముంబయిలో కన్నుమూసింది. 2017లో విశాల్ భరద్వాజ్ ‘రంగూన్’లో కంగనా రనౌత్ వేసిన స్టంట్ తార పాత్రకు నాడియాయే మూలమంటూ వాడియా మూవీటోన్ కోర్టుకెక్కింది.