యూదులు ముందే ఎందుకు వెళ్ళిపోలేదు? హిట్లర్ జర్మనీలో ఒక ప్రొఫెసర్ కథ

హిట్లర్ టాపిక్ వచ్చినప్పుడల్లా నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "అన్నా, అంత ఘోరం జరుగుతుంటే యూదులు ముందే దేశం వదిలి ఎందుకు వెళ్ళిపోలేదు?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈ ఎపిసోడ్ మొత్తం దానికి జవాబే.

ముందు ఒక లెక్క. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. అప్పటికి జర్మనీలో యూదులు సుమారు 5 లక్షల మంది. జనాభాలో ఒక శాతం కూడా లేరు. వాళ్ళలో సగానికి పైగా నిజంగానే వెళ్ళిపోయారు. మరి మిగతావాళ్ళు ఎందుకు ఆగారు? అది అర్థం కావాలంటే ఒక్క మనిషి జీవితం చూద్దాం.

పేరు విక్టర్ క్లెంపరర్. డ్రెస్డెన్ నగరంలో ప్రొఫెసర్. తండ్రి యూదు మతగురువు. ఈయన మాత్రం క్రైస్తవం తీసుకున్నారు. భార్య ఈవా యూదురాలు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడారు కూడా. ఆయన దృష్టిలో ఆయన పక్కా జర్మన్. కానీ నాజీలు చూసింది మనిషి నమ్మకాన్ని కాదు, తాతముత్తాతల్ని. 1935లో వచ్చిన న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నానమ్మ, ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే నువ్వు యూదుడివే. ఏ చర్చికి వెళ్తున్నావన్నది అనవసరం.

ఇప్పుడు వరస చూడండి. 1933 ఏప్రిల్ 7న చట్టం తెచ్చి యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేశారు. కానీ యుద్ధంలో పోరాడినవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. అంటే క్లెంపరర్ ఉద్యోగం ఉంది. "నాకేం కాదులే" అనుకోవడానికి ఒక కారణం దొరికింది. 1934లో ఊరి శివార్లో ఇల్లు కట్టుకున్నారు. 1935లో ఆ ఉద్యోగం కూడా పోయింది. అయినా పెన్షన్ వస్తోంది, ఇల్లుంది. యాభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుని 1936లో పాత కారు ఒకటి కొన్నారు. పిచ్చితనం అనిపిస్తోందా? ఆయనకి 1945 ఎలా ఉంటుందో తెలియదు కదా! మనకి తెలుసు కాబట్టి అలా అనిపిస్తుంది.

1938 నుంచి స్పీడ్ పెరిగింది. నవంబర్ 9 రాత్రి దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, షాపులు పగలగొట్టారు. సుమారు 30 వేల మంది మగవాళ్ళని పట్టుకెళ్ళి క్యాంపుల్లో పడేశారు. పైగా ఆ నష్టానికి యూదులే వంద కోట్ల మార్కులు కట్టాలని జరిమానా వేశారు! డిసెంబర్‌లో డ్రైవింగ్ లైసెన్సులు రద్దు. క్లెంపరర్ కారు మూలన పడింది. లైబ్రరీకి రావద్దన్నారు. పుస్తకాలే జీవితమైన మనిషికి అదెంత దెబ్బో ఆలోచించండి. 1939 జనవరి 1 నుంచి యూదు మగవాళ్ళు పేరులో ఇజ్రాయెల్ అని, ఆడవాళ్ళు సారా అని చేర్చుకోవాలన్నారు. తర్వాత రేడియోలు లాక్కున్నారు. ఫోన్లు కట్ చేశారు. 1940లో సొంతింట్లోంచి వెళ్ళగొట్టి, యూదులకని కేటాయించిన ఇంట్లో ఇరికించారు. 1941 సెప్టెంబర్ 19 నుంచి బట్టల మీద పసుపు నక్షత్రం.

1942లో యూదులు పెంపుడు జంతువులు ఉంచుకోకూడదని ఆర్డర్ వచ్చింది. వాళ్ళకో పిల్లి ఉండేది, పేరు ముషెల్. ఇంకొకరికి ఇవ్వడానికి కూడా వీల్లేదు. ఈవా దాన్ని పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, ప్రాణం తీయించి రావాల్సి వచ్చింది.

సరే, వెళ్ళాలనుకున్నవాళ్ళకైనా దారి ఉందా? కాస్త ఆస్తి ఉన్నవాళ్ళు దేశం వదలాలంటే అందులో పాతిక శాతం పన్ను కట్టాలి. మిగిలిందాంట్లోనూ చాలావరకు బయటికి తీసుకెళ్ళనివ్వరు. మరి తీసుకునే దేశం ఏది? 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని ఇదే మాట్లాడాయి. అందరూ సానుభూతి చూపించారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్నది ఒక్క డొమినికన్ రిపబ్లిక్. 1941 అక్టోబర్‌లో నాజీలే వలసని నిషేధించారు. తలుపు పూర్తిగా మూసుకుంది. అప్పటికే తూర్పున సామూహిక హత్యలు మొదలయ్యాయి. యుద్ధం ముగిసేసరికి యూరప్‌లో సుమారు 60 లక్షల మంది యూదులని చంపేశారు.

క్లెంపరర్ మాత్రం బతికారు. ఎలా? ఎంత ఒత్తిడి వచ్చినా ఈవా విడాకులు ఇవ్వలేదు. యూదురాలు కాని భార్య ఉండటం వల్లే ఆయన్ని అన్నాళ్ళూ రైలెక్కించలేదు. 1945 ఫిబ్రవరి 13న డ్రెస్డెన్‌లో మిగిలిన కొద్దిమంది యూదులకి తరలింపు నోటీసులు వచ్చాయి. వాటిని ఇంటింటికీ పంచే పని ఈయనకే అప్పగించారు. అదే రాత్రి బ్రిటిష్ విమానాలు నగరం మీద బాంబులు వేశాయి. వేలమంది చనిపోయారు. ఆ గందరగోళంలో ఈవా ఆయన కోటు మీది నక్షత్రాన్ని కోసి తీసేసింది. ఇద్దరూ తప్పించుకున్నారు.

ఇదంతా మనకి ఎలా తెలుసంటే, ఆయన రహస్యంగా డైరీ రాశారు. ఆ కాగితాలు దొరికితే ప్రాణం పోతుంది. ఈవా వాటిని పిర్నాలో ఉన్న ఒక డాక్టర్ స్నేహితురాలి ఇంటికి చేరవేసేది. ఆవిడ దాచిపెట్టింది. 1995లో ఆ డైరీలు పుస్తకంగా వచ్చాయి.

కాబట్టి ఫ్రెండ్స్, ఎవరైనా "ముందే వెళ్ళిపోవాల్సింది కదా" అంటే, ఈ తేదీలు వాళ్ళ ముందు పెట్టండి. ఉద్యోగం, లైసెన్సు, లైబ్రరీ, రేడియో, పిల్లి. మీరైతే ఏ తేదీన సామాను సర్దుకునేవాళ్ళు? ఆ రోజు మీ చేతిలో ఏ దేశం వీసా ఉండేది? కాస్త ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.