దిగువ స్థాయి ప్రోగ్రామింగు భాష

కంప్యూటరు ప్రాసెసరు అమలు చేసే ఆదేశాలకు దగ్గరగా ఉండే ప్రోగ్రామింగు భాషలను దిగువ స్థాయి భాషలు అంటారు. యంత్ర భాష, అసెంబ్లీ భాష ఈ కోవకు చెందినవి. సీ భాష ఉన్నత స్థాయి భాషే అయినా, మెమొరీ చిరునామాలను నేరుగా వాడుకోనిస్తుంది కాబట్టి పలువురు దానినీ ఈ వరుసలోనే చేరుస్తారు. ఈ భాషలలో రాసినది హార్డ్‌వేరులో జరిగేదానికి ప్రతిబింబమని పాఠ్యపుస్తకాలలో తరచు కనిపిస్తుంది. 1970లలోని చిన్న ప్రాసెసర్లకు ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. నేటి పెద్ద ప్రాసెసర్లలో మాత్రం అసెంబ్లీ భాష కూడా హార్డ్‌వేరును పాక్షికంగానే చూపుతుంది.

ప్రతిబింబం నిజమైన చోట

భారతదేశంలోని ఇంజనీరింగు కళాశాలలలో చాలాకాలం పాఠ్యాంశంగా ఉన్న ఇంటెల్ 8085 (1976) ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో రిజిస్టరులోని విలువను ఒకటి తగ్గించే ఆదేశానికి 4 క్లాకు స్థితులు, ఫలితం సున్నా కాకపోతే వెనక్కు దూకే ఆదేశానికి 10 స్థితులు పడతాయి. అంటే లూపు ఒక చుట్టు తిరగడానికి 14 స్థితులు. చివరి చుట్టులో దూకవలసిన పని లేదు కనుక 3 తగ్గుతాయి. క్లాకు వేగం 3 మెగాహెర్ట్‌జ్ అయితే ఒక్కో స్థితి సెకనులో 30 లక్షలవ వంతు. ఈ లెక్కతో విద్యార్థి కాగితం మీదనే లూపు ఎంతసేపు నడుస్తుందో చెప్పగలడు. దీపాలను వెలిగించి ఆర్పే ప్రయోగాలలో కాలవిలంబాన్ని ఇలాగే లెక్కిస్తారు.

ఆదేశ సముదాయం, లోపలి నిర్మాణం

నిజానికి ప్రోగ్రామరుకు కనిపించే యంత్రం, లోపల ఉన్న యంత్రం 8085 కంటే ముందే వేరుపడ్డాయి. మైక్రోప్రోగ్రామింగు పద్ధతిని మారిస్ విల్క్స్ 1951లో ప్రతిపాదించాడు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణిలో చిన్నా పెద్దా నమూనాలన్నిటికీ దాదాపు ఒకటే ఆదేశ సముదాయం ఉండేది. ప్రోగ్రామరుకు కనిపించేవి 32 బిట్ల రిజిస్టర్లు. కానీ ఆ శ్రేణిలోని చిన్న నమూనా అయిన మోడల్ 30 లోపల లెక్క 8 బిట్ల చొప్పున సాగేది. అందువలన ఆదేశ సముదాయాన్ని యంత్రపు చిత్రపటంగా కాక, యంత్రానికీ ప్రోగ్రాముకూ మధ్య కుదిరిన ఒప్పందంగా భావించడం సమంజసం.

1995లో వచ్చిన పెంటియమ్ ప్రో తరువాత ఈ దూరం వ్యక్తిగత కంప్యూటర్లలోనూ పెరిగింది. ఆ ప్రాసెసరు ఎక్స్86 ఆదేశాలను సూక్ష్మక్రియలుగా విడగొట్టి, వేటికి కావలసిన విలువలు సిద్ధంగా ఉంటే వాటిని ముందుగా అమలు చేసి, ఫలితాలను మాత్రం ప్రోగ్రాములోని వరుసలోనే నమోదు చేస్తుంది. 64 బిట్ల ఎక్స్86 అసెంబ్లీలో సాధారణ రిజిస్టర్లు 16. 2013 నాటి ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసరులో పూర్ణాంకాలకు ఉన్న అసలు రిజిస్టర్లు 168. ఒకే రిజిస్టరు పేరు రెండు వరుసలలో కనిపించినా, లోపల అవి రెండు వేర్వేరు స్థానాలు కావచ్చు. మెమొరీ నుండి విలువను తెచ్చే ఆదేశమూ ఇంతే. ఆ విలువ దగ్గరి క్యాషెలో ఉంటే కొద్ది క్లాకు స్పందనలు, ప్రధాన మెమొరీ దాకా వెళ్ళవలసి వస్తే వందలకొద్దీ స్పందనలు పడతాయి. అసెంబ్లీ వాక్యంలో ఈ తేడా ఎక్కడా కనబడదు.

సీ భాష

సీ భాషలోని ‘++’ గుర్తు పీడీపీ-11 యంత్రపు ఆదేశాల నుండి వచ్చిందని విస్తృతంగా నమ్ముతారు. ఇది పొరపాటు. కెన్ థాంప్సన్ ఆ గుర్తును అంతకు ముందరి బీ భాషలోనే, పీడీపీ-11 ఇంకా లేనప్పుడే ప్రవేశపెట్టాడని డెన్నిస్ రిచీ స్పష్టం చేశాడు.

సీ ప్రోగ్రాము యంత్రానికి చేరేలోపు కంపైలరు దానిని ఎంతగా మార్చగలదో 2009లో లినక్స్ కెర్నెలులో బయటపడిన లోపం చూపుతుంది. ఒక డ్రైవరులో పాయింటరును ముందు వాడి, అది శూన్యమా కాదా అన్న పరీక్షను తరువాత రాశారు. శూన్య పాయింటరును వాడితే ఏమి జరగాలో సీ ప్రమాణం నిర్వచించదు. వాడారు కనుక అది శూన్యం కాదని భావించి, జీసీసీ కంపైలరు ఆ పరీక్షను తొలగించింది. భద్రత కోసం రాసిన వాక్యం యంత్ర భాషలో లేకుండానే పోయింది. ఆ తరువాత అలాంటి పరీక్షలను తొలగించవద్దనే సూచనతోనే కెర్నెలును కంపైలు చేయసాగారు. సంకేతపదాన్ని వాడిన తరువాత మెమొరీలో చెరిపివేసే వాక్యాలకూ ఇదే గతి పట్టవచ్చు. ఆ చోటును మళ్ళీ ఎవరూ చదవరు కాబట్టి, చెరపడం అనవసరమని కంపైలరు తేల్చుకుంటుంది. దీనికి విరుగుడుగా సీ23 ప్రమాణంలో ప్రత్యేక ఫంక్షనును చేర్చారు.

మెల్ట్‌డౌన్, స్పెక్టర్

2018 జనవరిలో వెల్లడైన ఈ రెండు లోపాలు కంపైలరుకు కూడా దిగువన ఉన్నవి. ప్రాసెసరు ఊహతో ముందుగా అమలు చేసిన ఆదేశాలను, ఊహ తప్పినప్పుడు రద్దు చేస్తుంది. రిజిస్టర్లు పూర్వస్థితికి వస్తాయి కానీ, క్యాషెలో మాత్రం వాటి జాడ మిగులుతుంది. చదివే కాలాన్ని కొలిచి, ఆ జాడ ద్వారా రహస్య సమాచారాన్ని రాబట్టవచ్చు. స్పెక్టర్ ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ ప్రాసెసర్లు మూడింటినీ తాకింది. ఆదేశాల నిర్వచనం ప్రకారం తప్పు లేని అసెంబ్లీ ప్రోగ్రాము నుండి కూడా రహస్యం బయటకు పొక్కగలదన్నమాట. అదే ఏడాది డేవిడ్ చిస్నాల్ ఏసీఎం క్యూ పత్రికలో, సీ దిగువ స్థాయి భాష కాదని వాదిస్తూ వ్యాసం రాశాడు. సీ ప్రోగ్రాములకు పాత యంత్రపు భ్రమ కల్పించాలన్న ప్రయత్నమే ఈ లోపాలకు దారితీసిందన్నది అతని వాదన.

చిన్న మైక్రోకంట్రోలర్లలో పాత పరిస్థితి ఇంకా చాలావరకు నిలిచి ఉంది. ఆర్డుయినో యూనో బోర్డులోని ఏటీమెగా328పీలో క్యాషె లేదు, ఊహతో అమలు చేయడమూ లేదు. రిజిస్టర్ల మధ్య జరిగే ఆదేశాలలో ఎక్కువ భాగం ఒక్క క్లాకు స్పందనలో పూర్తవుతాయి. 8085 మీద నేర్చిన లూపు లెక్క దాని మీద ఇప్పటికీ సరిపోతుంది.