కారు కవర్లో నాలుగు కాగితాలు: 1914 నుంచి 2019 దాకా

మా ఇంటి కారుకు ఈ మధ్యే 15 ఏళ్లు నిండాయి. ఆర్సీ గడువు దగ్గరపడుతోంది, ఏమేం కాగితాలున్నాయో చూడమని నాన్న ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టారు. అందులో ఆర్సీ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, కారు కొన్నప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్స్ రసీదు ఉంది. ఒకదానికి 15 ఏళ్ల గడువు, ఒకదానికి ఏడాది, ఒకదానికి నెలల లెక్క, ఒకదానికి అసలు గడువే లేదు. ఒక్క బండికి ఒక్క కాగితం ఎందుకు సరిపోదు?

ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు ఇది పేలవమైన డిజైన్ అనిపించింది. చరిత్ర వైపు నుంచి చూశాకే అర్థమైంది, వీటిని ఎవరూ ఒకచోట కూర్చుని డిజైన్ చేయలేదని. ఒక్కో కాగితం ఒక్కో కాలంలో, ఒక్కో భయం నుంచి పుట్టింది. మీరు మోటారు వాహనాల చట్టాన్ని సెక్షన్ల జాబితాగా చదివి మరిచిపోతుంటే, ఈ వరుసలో ఒకసారి చదివి చూడండి.

మొదటి భయం చాలా మామూలుది: ఈ బండి ఎవరిది? 20వ శతాబ్దం మొదట్లో మోటారు కార్లు రాజులు, దొరలు, పెద్ద వ్యాపారుల చేతుల్లోనే ఉండేవి. గుద్ది వెళ్లిపోతే పట్టుకోవడానికి ఒక నంబరు కావాలి. మొదట ప్రెసిడెన్సీలు విడివిడిగా చట్టాలు చేసుకున్నాయి. బ్రిటిష్ ఇండియా మొత్తానికి కలిపి వచ్చింది 1914 నాటి ఇండియన్ మోటార్ వెహికల్స్ యాక్ట్. రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ దాని ముఖ్యాంశాలు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ 'సీ బుక్' అని పిలిచే ఆర్సీకి మూలం అక్కడుంది.

రెండో భయం ఆసక్తికరం, ఎందుకంటే అది ప్రాణాల గురించి కాదు, రైళ్ల గురించి. ఆర్థిక మాంద్యం రోజుల్లో రైల్వేల ఆదాయం పడిపోయింది, అదే సమయంలో బస్సులు, లారీలు దగ్గరి దూరాల ప్రయాణికులనూ సరుకునూ లాక్కుపోతున్నాయి. రోడ్డు-రైలు పోటీ మీద 1933లో మిచెల్-కిర్క్‌నెస్ నివేదిక వచ్చింది. ఆ ఆలోచనల కొనసాగింపే 1939 మోటార్ వెహికల్స్ యాక్ట్. పర్మిట్లు, రూట్లు, సరుకు రవాణాపై నియంత్రణ దాని వెన్నెముక. మన దగ్గర నిజాం రైల్వే ఈ పోటీకి ఇంకో రకంగా జవాబిచ్చింది: తానే బస్సులు నడిపింది. 1932లో 27 బస్సులతో మొదలైన ఎన్‌ఎస్‌ఆర్-ఆర్టీడీయే ఇప్పటి ఆర్టీసీలకు పూర్వరూపం. ఈ ముక్క గ్రూప్స్ వాళ్లకు తెలిసిందే, కానీ దాన్ని 1939 చట్టంతో కలిపి రాసేవాళ్లు తక్కువ.

ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, కూడా ఆ 1939 చట్టంలోనే ఉంది. రవాణా వాహనానికి అది లేకపోతే రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. ఊళ్లలో మోటారు వాహన తనిఖీ అధికారిని 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అంటారు కదా. పరీక్షలో జనానికి గుర్తుండిపోయింది బ్రేకులే అన్నమాట.

ఇప్పుడు ఇన్సూరెన్స్. దీని దగ్గర కొంచెం ఆగుదాం. 1939 చట్టంలోని ఎనిమిదో అధ్యాయం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది, కానీ అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. ఇక్కడ మొదటి పార్టీ బండి యజమాని, రెండోది బీమా కంపెనీ, మూడోది ఆ బండి కింద పడిన మనిషి. అందుకే థర్డ్ పార్టీ పాలసీ మీ బంపర్ బాగు చేయించదు. అది మీకోసం కాదు, మీకు తెలియని ఎవరికోసమో మీరు కట్టే డబ్బు.

పాలసీ ఉన్నంత మాత్రాన బాధితుడికి డబ్బు అందలేదు. సివిల్ కోర్టులో ఫీజు కట్టాలి, ఏళ్లు తిరగాలి. 1956 సవరణ మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్లకు దారి తీసింది. అయినా డ్రైవరు నిర్లక్ష్యాన్ని బాధితుడే రుజువు చేయాలి. 1977లో మీనూ మెహతా కేసులో సుప్రీంకోర్టు, నిర్లక్ష్యం లేనిదే యజమానికి బాధ్యత లేదని చెప్పింది. రోడ్డు మీద చనిపోయిన మనిషి సాక్ష్యం చెప్పలేడు కదా. 1982లో పార్లమెంటు సెక్షన్ 92ఏ చేర్చింది: తప్పెవరిదైనా సరే మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500. 1988 చట్టంలో మరణానికి 25,000, 1994లో 50,000, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 164లో 5 లక్షలు. మెయిన్స్‌లో సంక్షేమ రాజ్యం గురించి రాసేటప్పుడు ఈ నాలుగు అంకెలు వాడుకోండి. చట్టం ఎటు నడిచిందో పేరాలకన్నా ఇవే బాగా చెబుతాయి.

ఈ నడకలోనే ఆర్సీ అర్థం కూడా మారిపోయింది. 1914లో అది గుర్తింపు కాగితం. ఇప్పుడు అది బాధ్యత కాగితం. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసు చూడండి. యజమాని కారు అమ్మేశాడు. అది మరికొన్ని చేతులు మారింది. ఆర్సీ మీద పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. తర్వాత ప్రమాదం జరిగి ఒకరు చనిపోయారు. చివరిగా కొన్నవాడే బాధ్యుడని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సెక్షన్ 2(30) ప్రకారం ఎవరి పేరు రిజిస్టరులో ఉందో అతడే యజమాని, పరిహారం కట్టాల్సింది అతడే. కారణం సూటిగా ఉంది: బండి ఎవరెవరి చేతులు మారిందో బాధితుడి కుటుంబం వెతుక్కుంటూ తిరగకూడదు. అమ్మినవాడు సొంత రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రంలో అయితే 45 రోజుల్లో తెలియజేయాలని సెక్షన్ 50 ఎప్పుడో చెప్పింది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాడి చేతికిచ్చేస్తే పని అయిపోయిందనుకోవడం మన అలవాటు.

పాలిటీ కోణం క్లుప్తంగా. యాంత్రిక వాహనాలు ఉమ్మడి జాబితా 35వ అంశం, వాహనాలపై పన్ను రాష్ట్ర జాబితా 57వ అంశం. అందుకే చట్టం ఢిల్లీది, లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానిది. ఉద్యోగం మారి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలనే సెక్షన్ 47 బాధ కూడా అక్కడినుంచే. 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చింది ఆ ముడిని కొంచెం వదులు చేయడానికే.

పొల్యూషన్ సర్టిఫికెట్ వీటన్నిటిలో చిన్నది. భోపాల్ తర్వాతి కాలపు బిడ్డ. 1985లో ఎం.సి. మెహతా ఢిల్లీ గాలి మీద పిటిషన్ వేశారు, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 115వ నియమం పొగ పరీక్షను పెట్టింది. ఇక్కడ ఒక వింత గమనించండి. 2019 సవరణ తర్వాత పొగకు సంబంధించిన సెక్షన్ 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా మొదటిసారి దొరికితే సెక్షన్ 196 కింద 2,000. ఈ నిష్పత్తి నాకు సరిగా అనిపించదు. ఇన్సూరెన్స్ లేని బండి కింద పడినవాడి కుటుంబానికి ఆ 2,000 వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ రెండు కాగితాలు ఒకసారి ఢీకొన్నాయి కూడా. పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే ఇన్సూరెన్స్ రెన్యూవల్ చేయవద్దని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. గాలి కోసం పెట్టిన షరతు వల్ల చాలా బండ్లకు బీమా లేకుండా పోతోందని, నష్టపోయేది బాధితులేనని బీమా కంపెనీల వాదన. 2024 జూలైలో కోర్టు ఆ షరతు తీసేసింది. ఈ మధ్యలోనే, కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ వేసిన పిల్‌లో 2018లో ఇంకో ఆదేశం వచ్చింది: కొత్త కారుకు మూడేళ్ల, బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ముందే తీసుకోవాలి.

మిగిలింది బండి కండిషన్. లారీ, బస్సు, ట్యాక్సీలకు 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ. మన సొంత కారును మాత్రం సెక్షన్ 41(7) కింద 15 ఏళ్ల దాకా ఎవరూ అడగరు. ఆ తర్వాత తనిఖీ చేసి ఐదేళ్లకు పొడిగిస్తారు. 1939 నాటి ఆలోచన, అంటే రోడ్డు మీద ప్రమాదం అద్దె బండితోనే వస్తుందన్న ఆలోచన, ఇంకా మనతోనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. పాత బండ్లను వదిలించుకోమని చెప్పే పద్ధతి అది. మధ్యలో 14 ఏళ్ల బ్రేకులు ఎలా ఉన్నాయో అడిగే పద్ధతి కాదు.

పక్క దేశం బంగ్లాదేశ్‌కూ వారసత్వంగా వచ్చింది ఈ 1939 చట్టమే. 1983లో ఆర్డినెన్సుతో దాన్ని మార్చుకున్నారు. 2018 జూలై 29న ఢాకాలో బస్సు కింద పడి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. యూనిఫాంలో ఉన్న పిల్లలు రోడ్ల మీదకొచ్చి బండ్లు ఆపి లైసెన్సులు, ఫిట్‌నెస్ కాగితాలు తనిఖీ చేశారు. పోలీసుల బండ్లనూ వదల్లేదు. కొద్ది వారాల్లోనే అక్కడి పార్లమెంటు రోడ్డు రవాణా చట్టం చేసింది. శిక్షలు పెంచిన ఆ చట్టమే థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి జాబితా నుంచి తీసేసింది. జనం కోపం నుంచి పుట్టిన చట్టం బాధితుడిని మరిచిపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మా కారు విషయానికొస్తే, ఫారం 25 నింపాను. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నవీన్ కుమార్ తీర్పు చదివిన రోజే నాన్నను ఇంకో మాట అడిగాను, ఎప్పుడో అమ్మేసిన మన స్కూటర్ సంగతేంటని. "ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను కదరా" అన్నారు. ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూశాం. ఇప్పటికీ నాన్న పేరే ఉంది. కొన్నాయన ఫోన్ నంబరు కోసం నాన్న పాత డైరీలు తిరగేస్తున్నారు.